టీకా తర్వాత వచ్చిన ఇబ్బంది గురించి రాస్తే ఆ పోస్టు ఉంచాలా, తీసేయాలా?

బత్తాయి_తోట (నల్లగొండ)

మా పట్టణం వాళ్ల కోసం ఒక గ్రూపు నడుపుతున్నాం, నేనూ మరో ఇద్దరమూ. నల్లా నీళ్లు ఎప్పుడు వస్తాయి, కరెంటు ఎందుకు పోయింది, బత్తాయి టన్ను ఎంత పలికింది, ఎవరి ఏటీఎం కార్డు ఎక్కడ దొరికింది, ఎక్కువగా ఇలాంటివే ఉంటాయి. మొన్న ఒక తల్లి అందులో ఇలా రాసింది: బాబుకు నెలన్నర సూది వేయించాను, సాయంత్రం నుంచి గుక్కపట్టి ఏడుస్తున్నాడు, తొడ గట్టిపడి ఎర్రబడింది, ఒళ్లు కాలిపోతోంది, ఇంకెవరి పిల్లలకైనా ఇలా అయిందా? అంతే. ఎవరినీ తిట్టలేదు, వేయించవద్దనీ అనలేదు.

కింద గొడవ మొదలైంది. ఒకాయన ‘జనాన్ని భయపెట్టకు’ అని గద్దించాడు. ఇంకొకాయన ‘అందుకే మా ఇంట్లో ఎవరికీ వేయించం’ అంటూ ఎక్కడిదో ఎప్పటిదో తెలియని వీడియో ఒకటి తగిలించాడు. తెల్లారేసరికి నా తోటి నిర్వాహకుడు ఆ తల్లి పోస్టును తీసేశాడు. ఎందుకని అడిగితే ‘ఆరోగ్యం సంగతులు మనకెందుకు, రేపు కేసు పెడితే స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు’ అన్నాడు. తమాషా ఏమిటంటే అదే వీడియో ఇంకో పోస్టు కింద నిక్షేపంగా ఉంది. దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు, కాబట్టి ఎవరూ చూడలేదు.

‘నేను అబద్ధం రాశానా అన్నా?’ అని ఆమె నాకు విడిగా మెసేజ్ పెట్టింది. గ్రూపుకు ఒక నియమం రాసుకోవాలనుకుంటున్నాం. ఇక్కడ డాక్టర్లు, టీచర్లు, కోర్టు వ్యవహారం తెలిసినవాళ్లు ఉన్నారు. ఏమని రాయమంటారు?

కోయిల్‌సాగర్ (దేవరకద్ర)

మీ తోటి నిర్వాహకుడు చేసిందే సరి అంటాను. తిట్టుకున్నా ఫరవాలేదు.

2021 మే నెల గుర్తుందా? టీకా వేసుకున్నవాళ్లంతా రెండేళ్లలో చనిపోతారని నోబెల్ శాస్త్రవేత్త లుక్ మోంటాన్యే అన్నాడంటూ ఒక సందేశం ఊళ్ల మీద పడింది. ఆయన ఆ మాట అననే లేదు. అయినా మా వైపు పెద్దవాళ్లు ఆశా కార్యకర్త వస్తోందంటే తలుపులు మూసుకున్నారు. పుణే, ముంబయి నుంచి తిరిగొచ్చిన కూలీలు ‘అక్కడ వద్దన్నారు’ అని ఇక్కడ చెప్పారు. ఊరు నమ్మేది పక్కింటివాడి మాటను. ‘మా బాబుకు ఇలా అయింది’ అన్న మాటకు ఉన్న బలం ప్రభుత్వ పోస్టరుకు లేదు. అందుకే అది ప్రమాదం. ఆమె అబద్ధం రాయలేదు, నిజమే. చదివిన పదిమంది తల్లులలో ఇద్దరు వచ్చే బుధవారం ఆగిపోతే, ఆ ఇద్దరి పిల్లలకు తట్టో కోరింత దగ్గో వస్తే ఎవరు జవాబుదారీ?

పిల్లల_డాక్టరు (మిర్యాలగూడ)

ఆమె రాసిన మూడు లక్షణాలూ మేము చదివిన పుస్తకంలో ఉన్నవే. నెలన్నరకు వేసే పెంటావాలెంట్ అయిదు జబ్బుల నుంచి కాపాడుతుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ బాక్టీరియాతో వచ్చే న్యుమోనియా లాంటి జబ్బులు. ప్రభుత్వ కార్యక్రమంలో వాడేదానిలో కోరింత దగ్గు భాగాన్ని ఆ సూక్ష్మజీవి పూర్తి కణాలతో చేస్తారు. రక్షణ బాగుంటుంది, జ్వరమూ వాపూ కాస్త ఎక్కువగా వస్తాయి. మూడు గంటలకు మించి ఆగకుండా ఏడిస్తే దానికి మా నమోదు పత్రంలో ప్రత్యేకంగా ఒక గడి ఉంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి. బరువును బట్టి పారాసిటమాల్ చుక్కలు వేయాలి, పాలు మానకుండా పట్టాలి, వాచిన చోట నూనె రాసి మర్దన చేయకూడదు. మూర్ఛ వచ్చినా, బిడ్డ వడలిపోయి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ నాలుగు ముక్కలు ఆ పోస్టు కింద ఒక్కరైనా రాశారా? రాసి ఉంటే ఆ తల్లికి ధైర్యం వచ్చేది, చదివిన మిగతా తల్లులకు ముందే తెలిసేది. కోయిల్‌సాగర్ గారూ, మీరు భయపడుతున్న ఆ ఇద్దరు తల్లులకు ఏమీ తెలియకుండా సూది వేయించి, రాత్రి బిడ్డకు నూట రెండు జ్వరం వస్తే ఏమనుకుంటారు? ‘ఇది మాకు చెప్పలేదు’ అనుకుంటారు. రెండున్నర నెలల సూదికి నిజంగా రారు.

ఉదయసముద్రం (నల్లగొండ)

డాక్టర్ గారు మర్యాదగా చెప్పారు, నేను అంత మర్యాదగా చెప్పలేను. 2021లో నేను ఒక గ్రూపులో రాశాను, కొవిషీల్డ్ లాంటి టీకాతో రక్తం గడ్డకట్టే సమస్య చాలా అరుదుగా వస్తోందని యూరప్ మందుల సంస్థ చెప్పింది, తీవ్రమైన తలనొప్పి, కాళ్ల వాపు ఉంటే చూపించుకోండి అని. ‘పుకార్లు పుట్టించకు’ అని బయటికి పంపారు. 2024లో ఆ టీకాను రూపొందించిన కంపెనీ ఆస్ట్రాజెనెకా, చాలా అరుదుగా మా టీకా ఆ సమస్య తేగలదని బ్రిటన్ కోర్టుకు ఇచ్చిన పత్రంలో ఒప్పుకుంది. ఆ తర్వాత యూరప్‌లో అమ్మకం అనుమతినే వెనక్కి ఇచ్చేసింది. అప్పుడు నన్ను బయటికి పంపినాయన 2024లో ఆ వార్తను పెద్ద అక్షరాలతో పంచాడు. నాకు క్షమాపణ అక్కరలేదు. ఎవరు ఏది మాట్లాడవచ్చో నిర్ణయించే అధికారం వీళ్లకు ఎవరిచ్చారు అన్నదే నా ప్రశ్న.

నల్లగొండ వాళ్లం మనం. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని చెప్పడానికి వంకర తిరిగిన కాళ్లు చూపించాల్సి వచ్చింది. పైవాళ్లు ‘ఏమీ లేదు’ అంటే వెంటనే నమ్మే జిల్లా కాదు ఇది.

పిల్లల_డాక్టరు (మిర్యాలగూడ)

ఉదయసముద్రం గారూ, రెండు సవరణలు. అనుమతి వెనక్కి ఇవ్వడానికి కంపెనీ చెప్పిన కారణం వ్యాపారపరమైనది. కొత్త రకాల వైరస్‌కు తగిన టీకాలు వచ్చాక దీనికి గిరాకీ లేకుండా పోయింది. కోర్టు పత్రం బయటపడిన కొద్ది రోజులకే ఆ అనుమతి రద్దు అమల్లోకి రావడంతో రెంటినీ ముడిపెట్టి చదివారు.

రెండోది మీకు నచ్చుతుంది. యూరప్ సంస్థ ఆ సమస్యను దుష్ప్రభావాల జాబితాలో చేర్చింది 2021 ఏప్రిల్ 7న. మన దేశపు నిపుణుల కమిటీ వివరాలు మే 17న వచ్చాయి. తీవ్రమైన 498 కేసులను పరిశీలిస్తే కొవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినవిగా భావించదగ్గవి 26. పది లక్షల డోసులకు 0.61. ఏ లక్షణాలు కనిపిస్తే రావాలో కూడా అందులోనే ఉంది: ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు, సూది వేసిన చోటుకు దూరంగా చర్మం మీద ఎర్రటి చుక్కలు, తగ్గని తలనొప్పి. అంటే మీరు గ్రూపులో రాసినదీ కేంద్ర ఆరోగ్య శాఖ ఇంగ్లిషులో విడుదల చేసినదీ ఒకటే. అది తెలుగులో పల్లె దాకా రాలేదు, మీరు తెలుగులో రాస్తే తీసేశారు.

కోయిల్‌సాగర్ (దేవరకద్ర)

0.61 అన్న అంకెతో కలిపి రాస్తే నాకూ అభ్యంతరం లేదు. అంకె లేకుండా ‘రక్తం గడ్డకడుతుందట’ అని రాస్తే? ఊళ్లో పది లక్షలకు ఒకటి అన్న లెక్క ఎవరికి అందుతుంది?

ఉదయసముద్రం (నల్లగొండ)

లాటరీ టికెట్ కొనే ఊరికి ఆ లెక్క బాగానే అందుతుంది.

రాత్రి_షిఫ్టు (హైదరాబాద్, సొంతూరు హాలియా)

నేను కొంతకాలం ఈ పోస్టుల పరిశీలన పనే చేశాను. సంస్థ పేరు చెప్పను. తెరమీద పోస్టు వస్తుంది, పక్కన నియమాల జాబితా ఉంటుంది, మనం ఒకదాని మీద నొక్కాలి. కొన్ని క్షణాల వ్యవధి. రాసినవాళ్లు ఎవరు, ఏ ఊరు, ముందు ఏం రాశారు, అవన్నీ చూసే వీలుండదు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసినవి, వెటకారంగా రాసినవి వస్తే ఇంకా చిక్కు. తప్పుగా ఉంచితే అడుగుతారు. తప్పుగా తీసేస్తే అడిగేవాళ్లు తక్కువ. అలాంటప్పుడు వేలు ఎటు పోతుందో మీరే ఊహించుకోండి.

పై నుంచి వచ్చిన నియమాలు మాత్రం జనం అనుకునేంత మొరటువి కావు. ఫేస్‌బుక్ 2020 డిసెంబరులో కొవిడ్ టీకాల మీద తప్పుడు వాదనలు తీసేస్తామని చెప్పింది, 2021 ఫిబ్రవరిలో ఆ జాబితాను పెంచింది: టీకా కంటే జబ్బు రావడమే మేలు, టీకాలతో ఆటిజం వస్తుంది, ఇలాంటివి. యూట్యూబ్ 2021 సెప్టెంబరు 29న అన్ని టీకాలకూ నియమం విస్తరించినప్పుడు, సొంత అనుభవం చెప్పుకోవచ్చని స్పష్టంగా రాసింది. అదే పనిగా టీకాల మీద అపనమ్మకం పెంచే చానెల్ అయితే మాత్రం కుదరదంది. అంటే బత్తాయి_తోట గారి గ్రూపులోని తల్లి ఆ నియమాల ప్రకారమే నిర్దోషి.

చిక్కంతా నిజమే అయినా భయపెట్టే విషయాల దగ్గర వచ్చింది. 2021 మొదటి మూడు నెలల్లో అమెరికాలో ఫేస్‌బుక్‌లో ఎక్కువమంది చూసిన లింకు ఏదో తెలుసా? ఫ్లోరిడాలో ఆరోగ్యంగా ఉన్న ఒక డాక్టరు టీకా వేయించుకున్న రెండు వారాలకు చనిపోయాడన్న పత్రికా వార్త. సుమారు 5.4 కోట్ల ఖాతాలకు చేరింది. వార్త అబద్ధం కాదు. టీకాయే కారణమని తేల్చేంత ఆధారం లేదని వైద్య పరీక్షాధికారి కార్యాలయం తర్వాత చెప్పింది; ఆ తర్వాతి మాట ఎంతమందికి చేరిందో ఊహించవచ్చు. ఫేస్‌బుక్ ఆ త్రైమాసిక నివేదికను తొక్కిపెట్టింది. ఆగస్టులో పత్రికలో ఆ సంగతి రాగానే బయటపెట్టింది. తన వేదిక మీద ఏం పారుతోందో తనే చెప్పడానికి భయపడిన కంపెనీ మనకు ఏది నిజమో చెబుతానంటే ఎలా నమ్మాలి?

ఇంకోటి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2021 నవంబరులో ఫైజర్ టీకా పరీక్షలు జరిపిన ఒక కాంట్రాక్టు సంస్థలోని లోపాల మీద పరిశోధన ప్రచురించింది. ఆ వ్యాసం పంచుకున్నవాళ్లకు ఫేస్‌బుక్‌లో ‘సందర్భం లోపించింది’ అన్న ముద్ర కనిపించింది. నూట ఎనభై ఏళ్ల వైద్య పత్రికకు ముద్ర! సంపాదకులు ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్‌కు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

లెక్కల_మాస్టారు (కల్వకుర్తి)

రాత్రి_షిఫ్టు తమ్ముడు చెప్పింది విన్నాక ఒక ప్రశ్న. మరి ఇప్పుడు ఆ నియమాలు ఉన్నాయా?

రాత్రి_షిఫ్టు (హైదరాబాద్, సొంతూరు హాలియా)

చాలావరకు పోయాయి, మాస్టారూ. ట్విట్టర్ కొవిడ్ నియమాన్ని 2022 నవంబరు 23న ఆపేసింది. 2021లో అమెరికా ప్రభుత్వం తమ మీద ఒత్తిడి తెచ్చిందని, దాని గురించి అప్పుడే గట్టిగా మాట్లాడనందుకు చింతిస్తున్నామని జుకర్‌బర్గ్ 2024 ఆగస్టులో అక్కడి చట్టసభ కమిటీకి లేఖ రాశాడు. 2025 జనవరిలో అమెరికాలో నిజనిర్ధారణ సంస్థలతో ఒప్పందాన్నే ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా వదిలేసింది. మన దగ్గర ఆ ప్రకటన వర్తించలేదు. పాత కొవిడ్ నియమాల కింద మూసేసిన చానెళ్లు తిరిగి రావచ్చని యూట్యూబ్ మాతృసంస్థ 2025 సెప్టెంబరులో చెప్పింది. అప్పుడు నిజమైన అనుభవాన్నీ తీసేశారు, ఇప్పుడు పచ్చి అబద్ధాన్నీ వదిలేస్తున్నారు. మధ్యలో ఉన్న పని ఎవరూ చేయలేదు, ఎందుకంటే ఆ పనికి తెలుగు వచ్చిన మనుషులు కావాలి, జీతాలివ్వాలి.

వాట్సాప్ సంగతి వేరు. అందులోని సందేశాలను కంపెనీ చదివే వీలే లేదు. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టారు, అంతవరకే.

సబ్‌సెంటర్_అక్క (అచ్చంపేట వైపు)

పెద్ద కంపెనీల సంగతి నాకు తెలియదు. నేను ఏఎన్‌ఎంను, ఊళ్లలో పిల్లలకు సూదులు వేసే నర్సును. బుధవారం, శనివారం సూదుల రోజులు. ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. సూది వేశాక ప్రతి తల్లికి నాలుగు మాటలు చెప్పాలని మాకు శిక్షణ: ఏ టీకా వేశాం, దేని నుంచి కాపాడుతుంది; ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి; మళ్లీ ఎప్పుడు రావాలి; కార్డు జాగ్రత్త. తర్వాత అరగంట కూర్చోబెట్టాలి. చెట్టు కింద ఇరవైమంది తల్లులు, ఏడ్చే పిల్లలు, కోత పనికి వెళ్లాలని తొందరపడే అత్తలు. ఆ నాలుగింటిలో రెండో మాటే ముందు ఎగిరిపోతుంది. మాలోనూ కొందరు, ఇబ్బంది వస్తుందంటే మళ్లీ రారేమో అని కావాలనే మింగేస్తారు. కోయిల్‌సాగర్ అన్నా, మీ భయమే వాళ్లదీ. ఫలితం మాత్రం నేను చూశాను: చెప్పిన ఇంట్లో జ్వరం వస్తే ‘అక్కా, నువ్వన్నట్టే అయింది’ అని ఫోన్ చేస్తారు. చెప్పని ఇంట్లో వస్తే నా మీదికి వస్తారు.

హైదరాబాద్ నాంపల్లి (నల్లగొండ జిల్లా నాంపల్లి మండలం కాదు) సంగతి గుర్తుందా, 2019 మార్చి? పసిపిల్లలు టీకా వేయించుకుని ఇంటికెళ్లాక మత్తులోకి జారారు, ఇద్దరు చనిపోయారు. టీకా చంపిందని ఫోన్లన్నీ మోగాయి. తేలిందేమిటి? జ్వరానికి ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే బలమైన నొప్పి బిళ్లలు ఇచ్చారు. ఆ రోజు ‘టీకా తర్వాత మా పాప లేవడం లేదు’ అని ఎవరైనా రాసి ఉంటే, అది పుకారు అని తీసేసి ఉంటే, ఇంకెంతమంది తల్లులు ఆ రాత్రి అదే బిళ్ల అరగదీసి తాగించేవారో.

పిల్లల_డాక్టరు (మిర్యాలగూడ)

అక్క చెప్పిన ఈ ఉదాహరణను నియమం రాసేటప్పుడు మీ బల్ల మీద పెట్టుకోండి. ‘టీకా తర్వాత ఇలా జరిగింది’ అన్నది అనుభవం. ‘టీకా వల్ల జరిగింది’ అన్నది నిర్ణయం, దానికి విచారణ కావాలి. ఆ విచారణలో ఎన్ని తలుపులున్నాయో చూడండి: టీకా స్వభావం వల్లే వచ్చిందా, తయారీలో లోపమా, నిల్వలోనో వేయడంలోనో పొరపాటా, సూది భయంతో కళ్లు తిరిగాయా, లేక ఎలాగూ రావాల్సిన జబ్బు అదే వారంలో వచ్చిందా. నాంపల్లిది మూడో తలుపు. తల్లి రాయకపోతే ఏ తలుపూ తెరుచుకోదు.

లెక్కల_మాస్టారు (కల్వకుర్తి)

నాలుగో తలుపు నేను కళ్లారా చూశాను. 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకా బడుల్లో వేశారు. దానికి ముందు తమిళనాడు, కర్ణాటకలో వేసినప్పుడే వాట్సాప్‌లో పుకార్లు పారాయి, అవి మా దాకా వచ్చాయి. ఏడో తరగతిలో ఒకమ్మాయి వరుసలో నిలబడే కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకా సూది వేయనే లేదు! ఆమెను చూసి పక్క ఇద్దరు కూర్చుండిపోయారు. గంటలో ఊళ్లో మాట ఏమైందంటే, ముగ్గురికి సూది వికటించిందని. మేము ఆ పిల్లలను నిమ్మరసం తాగించి గేటు దగ్గరికి తీసుకొచ్చి తల్లిదండ్రులకు చూపించాం. దాస్తే ఇంకా పెరిగేది.

ఇక ఖమ్మం సంగతి. అప్పట్లో నల్లగొండకు పొరుగు జిల్లా కాబట్టి చెప్పాలి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రయోగాత్మకంగా అక్కడి బాలికలకు వేశారు. కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణం కాదన్నారు. వాటిలో నీట మునగడం లాంటివి ఉన్నాయి. కానీ చాలామంది బాలికల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా నిర్దోషి, వేసిన పద్ధతి దోషి. ఈ రెండు మాటలు ఒక పోస్టులో ఇమడవు, అందుకే ఇప్పటికీ సగం మంది మొదటిదే చెబుతారు, మిగతా సగం రెండోదే.

ఉదయసముద్రం (నల్లగొండ)

సరే. అయితే పెళ్లి బరాత్‌లో, జిమ్‌లో కుప్పకూలే కుర్రాళ్ల వీడియోల సంగతి? అవి ‘అనుభవం’ కాదా?

పిల్లల_డాక్టరు (మిర్యాలగూడ)

ఎవరి అనుభవం? చనిపోయిన అబ్బాయి అన్నయ్య రాస్తే అది వేరు, నేను చేతులు కట్టుకుని వింటాను. ఊరు పేరు లేని సీసీటీవీ ముక్కకు విషాద సంగీతం కలిపి పంచినవాడికి ఆ కుర్రాడు టీకా వేసుకున్నాడో లేదో కూడా తెలియదు. దీని మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ఉంది, 2023లో ప్రచురించారు. 47 ఆసుపత్రులు, 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా మరణించిన 729 మంది, పోల్చడానికి 2,916 మంది. టీకాతో ఆ ముప్పు పెరగలేదని తేలింది. కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో హఠాన్మరణాల చరిత్ర, ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, తీవ్ర వ్యాయామం, వీటితో పెరిగింది.

ఉదయసముద్రం (నల్లగొండ)

ఐసీఎంఆర్ కొవాగ్జిన్ తయారీలో భాగస్వామి కదా. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దినట్టుంది. బనారస్ విశ్వవిద్యాలయం వాళ్లు కొవాగ్జిన్ మీద అధ్యయనం వేస్తే ఏమయింది? ఐసీఎంఆర్ అభ్యంతరం, కంపెనీ పరువునష్టం దావా, 2024లోనే పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది.

పిల్లల_డాక్టరు (మిర్యాలగూడ)

భాగస్వామి అన్నది నిజం, ఆ అనుమానం అడగదగ్గదే. బనారస్ అధ్యయనం బలహీనమైనదన్నదీ నిజమే. 926 మందిని ఫోనులో అడిగారు, టీకా వేసుకోనివారితో పోలికే లేదు. మూడో వంతు మందికి సమస్యలు అని శీర్షికలు వచ్చాయి. అందులో ఎక్కువ మామూలు జలుబు, దగ్గు లాంటి శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు. అలాంటి వ్యాసాన్ని తోటి శాస్త్రవేత్తలు ఉతికి ఆరేస్తే చాలు. కోర్టుకు లాగడం మాత్రం నాకూ నచ్చలేదు.

కోర్టు_మెట్లు (మహబూబ్‌నగర్)

కోర్టు మాట వచ్చింది కాబట్టి దిగుతున్నాను. ఈ రోజు వాయిదాలు తక్కువ.

2022 ఫిబ్రవరిలో మన రంగారెడ్డి జిల్లా కోర్టే, కొవాగ్జిన్ కంపెనీ భారత్ బయోటెక్ వేసిన దావాలో, ‘ద వైర్’ పత్రిక రాసిన 14 వ్యాసాలను తొలగించాలని అవతలి పక్షం వాదన వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సామాజిక మాధ్యమాల గురించే మాట్లాడుకుంటున్నాం, తీసివేతలు కోర్టు ద్వారా కూడా జరుగుతాయి.

ఇంకో వైపు చూడండి. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఆక్సిజన్ దొరకలేదని, పడకలు లేవని జనం ఆన్‌లైన్‌లో మొరపెట్టుకుంటే వారిపై చర్యలు తీసుకోరాదని హెచ్చరించింది. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదన్నది అందరికీ గుర్తుంది. అదే తీర్పులోని ఇంకో ఆదేశం ఎవరికీ గుర్తులేదు: టీకా తర్వాత వచ్చిన ఇబ్బందులను వ్యక్తులు, ప్రైవేటు డాక్టర్లు నేరుగా నమోదు చేసే వ్యవస్థ ఉండాలి, పేర్లు బయటపడకుండా ఆ నివేదికలు జనానికి కనిపించాలి. దేశపు అత్యున్నత న్యాయస్థానం రాయనివ్వండి అంటుంటే మన గ్రూపు నిర్వాహకుడు తీసేశాడు!

కేసు భయం గురించి. సభ్యుడు పెట్టిన సందేశానికి నిర్వాహకుడిని బాధ్యుడిని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అవి వాట్సాప్ గ్రూపుల కేసులు, మన హైకోర్టువి కావు, అయినా దారి చూపుతాయి. తెలిసీ అబద్ధపు ప్రమాద హెచ్చరిక పుట్టించినవాడి సంగతి వేరు, విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు శిక్ష ఉంది. బిడ్డ ఏడుస్తున్నాడని రాసిన తల్లికి అది ఏ కోశానా తగలదు.

పెద్ద మాధ్యమం మీ పోస్టు తీసేస్తే ఊరుకోకండి. 2021 ఐటీ నియమాల ప్రకారం కారణం చెప్పాలి, మీ వాదన వినాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, నిర్ణీత గడువులోగా తేల్చాలి. నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ఇది వాడుకునేవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను.

కోయిల్‌సాగర్ (దేవరకద్ర)

సరే, పోస్టు ఉంచుదాం. నేను పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నాంపల్లి ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. నా షరతు ఒక్కటే. కింద తెలిసినవాళ్ల జవాబు వచ్చేదాకా వ్యాఖ్యలు మూసి ఉంచాలి. ఆ తల్లి పోస్టు వల్ల కాదు, దాని కింద చేరిన గుంపు వల్లే ఊళ్లు చెడ్డాయి.

బత్తాయి_తోట (నల్లగొండ)

ఆ షరతు బాగుంది. మిగతా ఇద్దరు నిర్వాహకులతో మాట్లాడి ముసాయిదా రాశాం, చూడండి:

‘మీకు గానీ మీ ఇంట్లోవారికి గానీ టీకా తర్వాత ఏమైనా ఇబ్బంది వస్తే ఇక్కడ రాయవచ్చు. ఏ టీకా, ఏ రోజు, ఏ లక్షణం, డాక్టరుకు చూపించారా అన్నవి రాయండి. బిడ్డ ఫొటో, పేరు, సూది వేసినవారి పేరు, ఫొటో వద్దు. వైద్యం తెలిసినవారి జవాబు వచ్చేదాకా వ్యాఖ్యలు మూసి ఉంటాయి, ఆ జవాబు పైన కనిపిస్తుంది. ఊరు, తేదీ లేని వీడియోలు, మీకు తెలియని మనుషుల మరణాలు తీసేస్తాం, ఎందుకు తీసేశామో చెబుతాం. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందు ఏఎన్‌ఎంకు గానీ పీహెచ్‌సీ వైద్యాధికారికి గానీ చెప్పండి.’

తల్లి పోస్టును తిరిగి పెట్టాం, డాక్టర్ గారి మాటలు ఆయన అనుమతితో కింద ఉంచాం. బాబు బాగున్నాడు.

పిల్లల_డాక్టరు (మిర్యాలగూడ)

సంతోషం. రెండున్నర నెలల సూదికి వెళ్లినప్పుడు మొదటిసారి ఏం జరిగిందో ముందే ఏఎన్‌ఎంకు చెప్పమనండి. నియమంలో ఇంకో వాక్యం కలపండి: దేశవ్యాప్తంగా మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి ఉచిత నంబరు ఉంది, 1800-180-3024. టీకాలకూ పనిచేస్తుంది, రోగులే నేరుగా చేయవచ్చు.

ఉదయసముద్రం (నల్లగొండ)

సూది వేసినవారి పేరు వద్దంటే, పీహెచ్‌సీ పేరు కూడా వద్దంటారా? అన్నీ దాచేస్తే లోపం ఎక్కడ జరిగిందో ఎవరికి తెలుస్తుంది?

సబ్‌సెంటర్_అక్క (అచ్చంపేట వైపు)

పీహెచ్‌సీ పేరు రాయండి అన్నా, తప్పులేదు. నా పేరు, నా ఫొటో మాత్రం వద్దు. సాయంత్రం ఒంటరిగా స్కూటీ మీద తిరిగేదాన్ని నేను. సీసా బ్యాచ్ నంబరు మా రిజిస్టరులో ఉంటుంది, విచారణకు అది చాలు. తీవ్రమైనదైతే వైద్యాధికారి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి 24 గంటల్లో తెలపాలి. పంపారా లేదా అని మీరు నిలదీయండి, అది మీ హక్కు.

ఉదయసముద్రం (నల్లగొండ)

న్యాయంగానే ఉంది. అయితే నేను సమాచార హక్కు కింద దరఖాస్తు వేస్తాను, మన జిల్లాలో నిరుడు టీకా తర్వాతి ఇబ్బందులు ఎన్ని నమోదయ్యాయో, ఎన్నింటిని విచారించారో చెప్పమని. కోర్టు_మెట్లు గారూ, ముసాయిదా చూసిపెట్టండి. వచ్చిన జవాబు ఏదైనా ఇక్కడే పెడతాను.

కోయిల్‌సాగర్ (దేవరకద్ర)

ఒక్కటీ లేదని జవాబు వస్తే? ‘చూశారా, ఏమీ లేదు’ అని నేను పంచుకోవచ్చా?

సబ్‌సెంటర్_అక్క (అచ్చంపేట వైపు)

అలా వస్తే పంచుకోకండి అన్నా, ముందు నాకు చూపించండి. అంతమంది పిల్లలకు సూదులు వేసి ఒక్కరికీ జ్వరం రాని జిల్లా ఎక్కడా ఉండదు. అక్కడ ఎవరూ రాయలేదన్నమాట.